నీళ్లకు అంటకుండా పోయే పడవలు, నీళ్లను కోసుకుంటూ పోయే పడవలు

గాలివాటం | సికింద్రాబాద్ | శనివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నిన్నటి నుంచి మనసులో తిరుగుతున్న ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

నిన్న రాత్రి సెయిల్‌జీపీ అనే తెరచాప పడవల లీగ్ రేసులు చూశాను. ఎఫ్50 కాటమరాన్లు. రెండు సన్నటి పడవలను పక్కపక్కన కలిపినట్టు ఉంటాయి. గుడ్డ తెరచాప ఉండాల్సిన చోట విమానం రెక్కను నిలబెట్టినట్టు ఒక గట్టి రెక్క ఉంటుంది. కాస్త వేగం అందుకోగానే పడవ మొత్తం నీళ్ల పైకి లేస్తుంది. ఫాయిల్స్ అనే కత్తుల్లాంటి రెక్కలు మాత్రమే నీళ్లలో మిగులుతాయి. 2025 ఆగస్టులో జర్మనీలోని జాస్‌నిట్స్ దగ్గర డెన్మార్క్ జట్టు గంటకు 100 కిలోమీటర్లు దాటింది. ఇంజిన్ లేదు, గాలి ఒక్కటే. ఔటర్ రింగ్ రోడ్డు మీద మన కారు పోయే వేగం అది.

ఇవాళ పొద్దున హుస్సేన్‌సాగర్‌లో నా లేజర్ తీశాను, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ అది. గాలి ఆరేడు నాట్లకు మించి లేదు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). నా వేగం నడిచే మనిషి కంటే కొంచెం ఎక్కువ, అంతే. అయినా గంటసేపు సాగిన ప్రాక్టీసు రేసులో చెమటలు పట్టాయి. చివరి మార్క్‌కు, అంటే పడవలు మలుపు తిరిగే గుర్తుకు ముందు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న అబ్బాయి సరిగ్గా నాకు గాలి వచ్చే వైపుకు వచ్చి ఉండిపోయాడు. నా తెరచాప చచ్చుబడింది. అతను వెళ్లిపోయాడు. ఆ పది సెకన్లలో పడ్డ టెన్షన్ నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు.

ఈ రెండూ ఒకే ఆటేనా? వేగం వచ్చాక పందెంలో ఏం మిగిలింది, ఏం పోయింది? దగ్గర నుంచి చూసినవాళ్లు విడమరిచి చెప్పండి.

నార్త్‌హెడ్ | ఆక్లాండ్ | ఆదివారం, ఉదయం 6:05

మాది కాకినాడ. పద్నాలుగేళ్లుగా ఆక్లాండ్‌లో ఉంటున్నాం. 2021 మార్చిలో అమెరికాస్ కప్ అనే పేరున్న తెరచాప పడవల పందెం ఇక్కడే జరిగింది. పోటీ న్యూజిలాండ్ జట్టుకూ, ఇటలీ జట్టు లూనా రోసాకూ. రెండూ ఏసీ75 పడవలే. పొడవు 75 అడుగులు, పదకొండు మంది సిబ్బంది, కాటమరాన్ కాదు, ఒంటి పడవ. పడవ అడుగున నీళ్లలోకి దిగి ఉండే బరువైన కీల్ అసలే లేదు. రెండు వైపులా సాలీడు కాళ్లలా రెండు చేతులు, వాటి చివర ఫాయిల్స్. ఒక చేయి నీళ్లలో ఉంటే ఇంకో చేయి గాలిలో బరువుగా వేలాడుతుంది.

నేను డెవన్‌పోర్ట్‌లోని నార్త్ హెడ్ కొండ మీద నుంచి చూశాను. నా పేరు ఇక్కడ అదే పెట్టుకున్నాను కూడా. అక్కడ గడ్డి మీద కూర్చుంటే రేసు మొత్తం కళ్ల ముందే జరుగుతుంది. ముందు చప్పుడు వినిపించింది. తీగ గట్టిగా లాగి వదిలినట్టు ఈల లాంటి మోత. అంత పెద్ద పడవ అంత దూరంలో ఉండగానే తల తిప్పేలోపు ఎదురుగా వచ్చేసింది.

మార్చి 15న జరిగిన ఎనిమిదో రేసు గురించి చెప్పాలి. గాలి తక్కువగా ఉంది. న్యూజిలాండ్ పడవ లూనా రోసా వదిలిన అలజడిలో చిక్కుకుని ఫాయిల్స్ మీద నుంచి కిందికి దిగిపోయింది. 30 నాట్ల పైన పోతున్న పడవ ఒక్కసారిగా బండరాయిలా నీళ్లలో కూర్చుంది. లూనా రోసా నాలుగు నిమిషాల దూరం ముందుకు వెళ్లిపోయింది. మా పక్కన ఒక పెద్దాయన లేచి ఇంటికి బయలుదేరాడు కూడా. అంతలో లూనా రోసా తిరిగేచోట గాలి పడిపోయి అదీ కూర్చుండిపోయింది. న్యూజిలాండ్ మళ్లీ పైకి లేచింది. చివరికి దాదాపు నాలుగు నిమిషాల తేడాతో న్యూజిలాండే గెలిచింది. రెండు రోజుల తర్వాత కప్ 7-3తో వాళ్లదైంది.

గాలివాటం గారూ, మీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఆ రేసులోనే ఉంది. పాత పందెంలో వెనకబడితే అడుగడుగునా తగ్గించుకుంటూ రావాలి. ఇక్కడ పైన ఉన్నామా, కింద ఉన్నామా అన్నదే లెక్క. అది చూస్తుంటే గుండె ఆగినంత పని అవుతుంది. కానీ ఆ గెలుపులో ఎదుటివాడిని తెలివితో ఓడించింది ఎంత, గాలి చేసింది ఎంత అని నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రాలేదు.

బీచ్‌రోడ్ | విశాఖపట్నం | ఆదివారం, ఉదయం 8:40

నేవీలో పనిచేసి రిటైరయ్యాను. తెరచాప పడవల మీదే సగం జీవితం గడిచింది. నార్త్‌హెడ్ గారి మాట విన్నాక నాకు 1983 గుర్తొచ్చింది.

అప్పుడు కప్ అమెరికాలోని న్యూపోర్ట్‌లో జరిగింది. 1851లో 'అమెరికా' అనే స్కూనర్ ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ చుట్టూ జరిగిన పందెంలో గెలిచిన కప్పు అది. దాన్ని న్యూయార్క్ యాట్ క్లబ్ 132 ఏళ్లు ఎవరికీ వదల్లేదు. ఆ ఏడాది 'ఆస్ట్రేలియా-2' 3-1తో వెనకబడి, 3-3కి తెచ్చి, సెప్టెంబరు 26న ఏడో రేసుకు దిగింది. అవి ట్వెల్వ్ మీటర్ క్లాస్ పడవలు. 20 టన్నులకు పైగా బరువు, అందులో ఎక్కువ భాగం కీల్‌లో ఉన్న సీసమే. ఎంత గాలి వచ్చినా వేగం పది నాట్ల చుట్టుపక్కలే. రేసు గంటల తరబడి సాగుతుంది.

చివరి నుంచి రెండో లెగ్, అంటే రెండు మలుపుల మధ్య భాగం, మొదలయ్యేసరికి అమెరికన్ పడవ 'లిబర్టీ' 57 సెకన్లు ముందుంది. వాలుగాలిలో ఆస్ట్రేలియా వాళ్లు మంచి గాలి ఉన్న వైపు ఎంచుకుని ముందుకొచ్చేశారు. ఇక మిగిలింది ఎదురుగాలి లెగ్. ఆ లెగ్‌లో లిబర్టీ నలభై సార్లకు పైగా టాక్ చేసింది, అంటే గాలికి ఎదురుగా మూతి తిప్పి రెండో పక్కకు మళ్లింది. ఒక్కసారైనా ఎదుటి పడవ నీడలోంచి బయటపడి శుభ్రమైన గాలి అందుకోవాలన్నదే వాళ్ల ప్రయత్నం. ప్రతిసారీ ఆస్ట్రేలియా-2 కూడా టాక్ చేసి వాళ్ల నెత్తి మీదే ఉంది. చివరికి 41 సెకన్ల తేడాతో గెలిచింది.

పందెం అంటే నాకు అది. వేగం పది నాట్లే కావచ్చు, ఇద్దరు స్కిప్పర్లు ఒకరి మనసు ఒకరు చదువుతూ గంటల పాటు పోరాడారు. సికింద్రాబాద్ అబ్బాయిగారి గాలిని ఆ కుర్రాడు దొంగిలించాడే, అదే విద్య.

కోరంగి | తాళ్లరేవు | ఆదివారం, ఉదయం 11:15

బీచ్‌రోడ్ గారికి నమస్కారం. ఒక్క మాట. మీరు ఆస్ట్రేలియా-2ని సంప్రదాయం వైపు నిలబెట్టారు. ఆ పడవ కీల్‌కు రెక్కలున్నాయి కదా! ఒడ్డున ఉన్నంతసేపు దాన్ని గుడ్డ కట్టి దాచారు. ఆ రెక్కల కీల్ చెల్లదని న్యూయార్క్ క్లబ్ వాళ్లు ఎంత గొడవ చేశారో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ రోజున అదే వింత పడవ.

మా ఊళ్లో ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. మా తాతగారి చిన్నప్పుడు గోదావరి కాలవల్లో తెరచాప పడవల మీదే బియ్యం, కొబ్బరి, బెల్లం వెళ్లేవి. గాలి కలిసిరాకపోతే ఒడ్డున మనుషులు నడుస్తూ తాడు కట్టి పడవను లాగేవారు. ఆ పడవ నడిపిన మనిషి ముందు మీ ట్వెల్వ్ మీటర్ యాట్‌ను పెట్టి, ఇది ఎదురుగాలికి ఏటవాలుగా తనంతట తాను వెళ్తుంది అంటే నోరు తెరిచేవాడు.

అందుకే సంప్రదాయం అన్న మాట దగ్గర నాకు కొంచెం ఇబ్బంది. ఎవరి సంప్రదాయం, ఏ ఏడాది దాకా? ఇది వాదన కోసం అడగడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని.

ఇంకో సందేహం కూడా. గాలి 12 నాట్లు ఉంటే పడవ 40 నాట్లు ఎలా పోతుంది? తోసేదాని కంటే తోయబడేది ఎక్కువ వేగంగా పోవడం నా బుర్రకు ఎక్కడం లేదు.

ఏరో_లెక్కలు | హైదరాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

కోరంగి గారి రెండో ప్రశ్న నాకు వదిలేయండి. ఇంజినీరింగ్ కాలేజీలో ఏరోడైనమిక్స్ చెబుతాను. పడవ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు, ముందే చెప్పేస్తున్నాను.

గాలి తోస్తుంది అన్న చోటే పొరపాటు. వెనక నుంచి తోసే గాలితో పోయే పడవ గాలి కంటే వేగంగా పోలేదు, అది నిజం. కానీ తెరచాప పనిచేసేది విమానం రెక్కలా. గాలి దాని మీదుగా వంగి పారితే ఒక పక్కకు లాగే బలం పుడుతుంది. ఆ బలం పడవను పక్కకు ఈడ్చకుండా కింద కీలో, ఫాయిలో నీళ్లను పట్టుకుంటుంది. మిగిలిన భాగం ముందుకు లాగుతుంది. తడి సబ్బుబిళ్లను రెండు వేళ్లతో నొక్కితే అది ముందుకు జారిపోతుంది చూడండి, వేళ్ల కంటే చాలా వేగంగా. దాదాపు అలాంటిదే.

ఇప్పుడు అసలు కిటుకు. స్కూటర్ మీద పోతుంటే గాలి లేని రోజున కూడా ముఖానికి గాలి కొడుతుంది. పడవకూ అంతే. దాని తెరచాపకు తగిలేది అసలు గాలీ, తన వేగం వల్ల పుట్టిన గాలీ కలిసిన గాలి. వేగం పెరిగేకొద్దీ ఆ కలిసిన గాలి బలపడుతుంది, ముందు వైపుకు జరుగుతుంది. బలమైన గాలి వస్తే వేగం ఇంకా పెరుగుతుంది. నీళ్ల రాపిడి ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది.

మామూలు బరువైన పడవకు ఆ ఆపేది తొందరగా వస్తుంది. పడవ తన పొడవుకు సరిపడా అలను తానే పుట్టిస్తుంది. ఆ అల గుంటలో ఇరుక్కుని గట్టు ఎక్కలేకపోతుంది. పాత లెక్క ఒకటుంది: నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. 25 అడుగుల పడవకు 6.7 నాట్లు. తేలికపాటి లేజర్ లాంటివి గాలి బలంగా ఉన్నప్పుడు నీటి మీద జారుతూ ఆ హద్దు దాటగలవు. ట్వెల్వ్ మీటర్ యాట్ దాటలేదు.

ఫాయిల్ ఆ అలనే లేకుండా చేస్తుంది. నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. అందుకే చిన్న రెక్క చాలు, టన్నుల బరువు ఎత్తడానికి. వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగు రెట్లవుతుంది. పడవ అడుగు నీళ్లలోంచి బయటికి వచ్చేస్తే రాపిడి కుప్పకూలుతుంది. అప్పుడు గాలి వేగానికి మూడు నాలుగు రెట్లు పోవచ్చు.

దానికీ ఒక హద్దుంది. 50 నాట్లు దాటాక ఫాయిల్ పై భాగంలో ఒత్తిడి ఎంత పడిపోతుందంటే, చల్లని నీళ్లే అక్కడ మరిగి ఆవిరి బుడగలవుతాయి. పట్టు జారిపోతుంది. 2012 నవంబరులో నమీబియాలోని వాల్విస్ బేలో పాల్ లార్సెన్ 'సెయిల్‌రాకెట్ 2' మీద 500 మీటర్ల దూరంలో సగటున 65.45 నాట్లు, అంటే గంటకు 121 కిలోమీటర్లు సాధించాడు. ఆ బుడగలకు భయపడకుండా, వాటితోనే పనిచేసే వేరే ఆకారపు ఫాయిల్ పెట్టుకున్నాడు. కానీ అది ఒకే దిక్కుకు తిన్నగా పోయే పడవ, మలుపులున్న పందెం కోసం కట్టింది కాదు.

నార్త్‌హెడ్ | ఆక్లాండ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:10

ఏరో గారూ, చాలా ఏళ్లుగా కళ్లతో చూసిందానికి ఇవాళ కారణం దొరికింది. కలిసిన గాలి ఎప్పుడూ ముందు నుంచే వస్తుంది కాబట్టే ఈ పడవలు వాలుగాలిలో కూడా చాపలు బిగించే ఉంచుతాయి. బెలూన్‌లా ఉబ్బే రంగురంగుల స్పినేకర్ ఇక లేదు. పాత రేసు ఫొటోల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

అమ్మ_ఆప్టిమిస్ట్ | హైదరాబాద్ | ఆదివారం, రాత్రి 8:55

మా పాప వయసు 11. ఏడాదిగా హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ నడుపుతోంది. ఎనిమిది అడుగులు కూడా లేని చిన్న డబ్బా లాంటి పడవ అది. మొదట్లో పాప ఒడ్డు వదిలి వెళ్తుంటే నాకు కాళ్లు వణికేవి. ఇప్పుడు పాపే నాకు గాలి ఎటు తిరుగుతుందో చూపిస్తుంది. నీళ్ల మీద ముదురు రంగు మచ్చ కదిలి వస్తే అది గాలి తెర అట.

మీరంతా వేగం గురించి మాట్లాడుతుంటే నాకు వేరే ఆలోచన వస్తోంది. ఈ మధ్య పాప ఫాయిలింగ్ వీడియోలు చూసి నేనూ ఎగురుతాను అంటోంది. అంత వేగంలో నీళ్లలో పడితే పిల్లల సంగతేమిటి? దయచేసి దాచకుండా చెప్పండి.

బీచ్‌రోడ్ | విశాఖపట్నం | ఆదివారం, రాత్రి 9:40

అమ్మా, దాచకుండానే చెబుతాను. 2013 మేలో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికాస్ కప్‌కు ప్రాక్టీసు చేస్తుండగా ఆర్టెమిస్ జట్టు ఏసీ72 కాటమరాన్ తిరగబడి విరిగింది. దాని కింద చిక్కుకుని ఆండ్రూ సింప్సన్ చనిపోయాడు. బీజింగ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన మనిషి. అనుభవం లేక జరిగింది కాదు. ఇప్పుడు ఆ పడవల్లో హెల్మెట్, ఊపిరికి ఒంటికి కట్టుకున్న చిన్న గాలి సీసా, తాళ్లు కోసుకోవడానికి కత్తి లేకుండా ఎవరూ ఎక్కరు.

అయితే నెమ్మది పడవలు క్షేమం అనుకోవద్దు. 1979లో ఫాస్ట్‌నెట్ రేసులో తుఫాను కొట్టి 15 మంది పోటీదారులు చనిపోయారు. 1998 సిడ్నీ-హోబర్ట్‌లో ఆరుగురు. అవన్నీ నీళ్లను కోసుకుంటూ పోయే మామూలు యాట్‌లే. సముద్రం దగ్గర ప్రమాదం వేగంలోంచే రాదు.

మీ పాప ఇప్పుడున్న పడవలోనే ఉండనివ్వండి. ఆప్టిమిస్ట్ పదిహేనేళ్ల లోపు పిల్లల కోసమే ఉన్న పడవ. లైఫ్ జాకెట్, పక్కనే రెస్క్యూ బోటు, తిరగబడితే తానే నిలబెట్టుకోవడం. ఆ మూడూ అలవాటైతే తర్వాతవి వాటంతట అవే వస్తాయి.

నార్త్‌హెడ్ | ఆక్లాండ్ | సోమవారం, ఉదయం 5:50

అమ్మగారూ, పైన బీచ్‌రోడ్ గారు చెప్పిన చివరి మాటకు నా వంతు. 2021లో న్యూజిలాండ్ పడవ చుక్కాని పట్టిన పీటర్ బర్లింగ్ చిన్నప్పుడు ఆప్టిమిస్ట్ నడిపినవాడే. సెయిల్‌జీపీలో ఆస్ట్రేలియాను నడిపించిన టామ్ స్లింగ్స్‌బీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో లేజర్‌లో బంగారు పతకం గెలిచాడు. అంటే గాలివాటం గారు నడిపే పడవే! ఎగిరే పడవల మొనగాళ్లలో చాలామంది ముందు తాబేలు వేగం పడవల్లో గాలి చదవడం నేర్చుకున్నవాళ్లే.

ఫాయిల్65 | బెంగళూరు | సోమవారం, ఉదయం 9:30

ఈ చర్చలో పాత పందెం వైపు బరువు ఎక్కువగా ఉన్నట్టుంది. రెండో వైపు కూడా ఒకరు గట్టిగా మాట్లాడాలి కదా.

నేను చిన్నప్పటి నుంచి క్రికెట్, కబడ్డీ చూసినవాణ్ణి. సెయిలింగ్ అంటే ఏమిటో నాకు తెలిసిందే ఫాయిలింగ్ వల్ల. ఒక రేసు ఇరవై పాతిక నిమిషాలు. ఒడ్డుకు దగ్గరగా, కోర్టులా హద్దులు గీసి. ఎవరు ముందున్నారో తెర మీద గీతలతో చూపిస్తారు. అంతకుముందు సముద్రంలో ఎక్కడో రెండు తెల్ల మచ్చలు వేర్వేరు దిక్కులకు పోతుంటే ఎవరు గెలుస్తున్నారో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

పైగా తెలివి పోయింది అనడం న్యాయం కాదు. 40 నాట్ల వేగంలో రెండు పడవలు ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరం సెకనుకు 40 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. బీచ్‌రోడ్ గారి స్కిప్పర్ నిమిషంలో ఆలోచించింది వీళ్లు రెండు సెకన్లలో ఆలోచించాలి. పారిస్ ఒలింపిక్స్ సెయిలింగ్ మార్సేలో జరిగింది. అందులో ఐక్యూఫాయిల్ విండ్‌సర్ఫింగ్, ఫార్ములా కైట్, నాక్రా 17 అన్నీ ఫాయిల్స్ మీదే. రేపటి పిల్లలకు ఇదే సెయిలింగ్.

బీచ్‌రోడ్ | విశాఖపట్నం | సోమవారం, ఉదయం 10:45

బాబూ, నీ మాటలో నిజం ఉంది. నిమిషం, రెండు సెకన్లు అన్న లెక్క నేను ఎప్పుడూ అలా చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

నా బాధ వేరే చోట ఉంది. ఆట టీవీకి తగ్గట్టు మారినప్పుడు కొన్ని అన్యాయాలు జరుగుతాయి. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో న్యూజిలాండ్‌కు ఒక్క రేసు గెలిస్తే కప్ వచ్చేసేది. ఆ రోజు గాలి తక్కువ. వాళ్లు బాగా ముందున్నారు. ముగింపు గీత దగ్గరలోనే ఉంది. 40 నిమిషాల గడువు దాటిందని రేసు రద్దు చేశారు. 8-1తో వెనకబడ్డ అమెరికా జట్టు ఒరాకిల్ మొత్తం మీద వరసగా ఎనిమిది రేసులు గెలిచి 9-8తో కప్ ఉంచుకుంది. ఒరాకిల్ వాళ్ల పోరాటం గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ సముద్రంలో గాలి తగ్గడం కూడా ఆటలో భాగమే. తక్కువ గాలిలో పడవను కదిలించడం అన్నిటికన్నా కష్టమైన విద్య. ఏసీ75లకు గాలి 6.5 నాట్ల కంటే తక్కువైతే రేసే మొదలుపెట్టరు. ఆ విద్యను పరీక్షలోంచి తీసేసినట్టే కదా.

గాలివాటం | సికింద్రాబాద్ | సోమవారం, రాత్రి 9:15

హుస్సేన్‌సాగర్‌లో సగం రోజులు మాకు ఆ గాలే! ఆ లెక్కన మేం నీళ్లలోకి దిగనే కూడదు.

నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది: పడవను నడిపే కండబలం ఎవరిది అన్నది. 2017లో బెర్ముడాలో న్యూజిలాండ్ వాళ్లు చేతులతో తిప్పే గ్రైండర్ల బదులు సైకిల్ పెడళ్లు పెట్టి, కాళ్ల బలంతో హైడ్రాలిక్స్ నడిపించి 7-1తో గెలిచారు. 2021లో పెడళ్లు వద్దన్నారు. 2024 బార్సిలోనాలో మళ్లీ వచ్చాయి. ఎనిమిది మందిలో నలుగురు తల వంచుకుని రేసంతా పెడళ్లు తొక్కినవాళ్లే. ఫాయిల్స్ చేతులను ఎత్తేది దించేది ముందు నుంచీ బ్యాటరీయే. 2027లో నేపుల్స్‌లో జరిగే కప్‌కు పెడళ్లు తొక్కేవాళ్లు కూడా ఉండరు, ఆ బలమూ బ్యాటరీదే. సిబ్బంది ఐదుగురు, వాళ్లలో కనీసం ఒకరు మహిళ. ఆ చివరి మార్పు నాకు సంతోషం. కానీ చాపను బిగించే బలం కూడా మనిషిది కాకపోతే, చాపను పట్టి ఉంచే షీట్ తాడు చేతిలో కోసుకుపోతున్నప్పుడు గాలి ఎంతుందో చేతికి తెలిసేది పోతుంది. నాకు ఈ ఆటలో అదే ప్రాణం.

దుబాయ్_క్రీక్ | దుబాయ్ | మంగళవారం, రాత్రి 12:20

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చి మొత్తం చదివాను. మాది జగిత్యాల దగ్గర. ఇక్కడ పన్నెండేళ్ల నుంచి ఉంటున్నాను. గాలివాటం అన్నా, చేతికి తెలిసే గాలి అన్నారు కదా, అది కావాలంటే అల్ గఫాల్ చూడాలి.

1991 నుంచి జరుగుతున్న ధౌ పందెం. 60 అడుగుల చెక్క పడవలు, మూడు మూలల అరబ్బీ తెరచాపలు. సర్ బు నాయిర్ అనే దీవి నుంచి దుబాయ్ తీరం దాకా 50 నాటికల్ మైళ్ల చుట్టుపక్కల దూరం. గఫాల్ అంటే తిరిగి రావడం. వెనకటికి ముత్యాల కోసం నెలల తరబడి సముద్రంలో ఉన్నవాళ్లు సీజన్ అయిపోయాక ఇంటికి వచ్చే ప్రయాణం అది. పొద్దున్నే సంకేతం రాగానే చాపలు పైకి లేస్తాయి. ఒక్కసారిగా సముద్రమంతా తెల్లబడుతుంది. నేను ఒకసారి తీరంలో నిలబడి చివరి పడవలు రావడం చూశాను. ముసలివాళ్లు ఏడ్చారు. వాళ్ల తాతలు అలాగే ఇంటికొచ్చారు మరి. నెలల తర్వాత ఇంటికి వెళ్లడం అంటే ఏమిటో గల్ఫ్‌లో ఉన్న మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అక్కడ ఎన్ని నాట్లు అని ఎవరూ అడగలేదు.

కోరంగి | తాళ్లరేవు | మంగళవారం, ఉదయం 7:30

దుబాయ్ అన్నా, నేను పైన అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పేశారు. సంప్రదాయం అనేది పడవలో లేదు, ఎందుకు పోతున్నాం అన్నదాంట్లో ఉంది. ఇక ఆ మాట పట్టుకుని వాదించను.

బీచ్‌రోడ్ | విశాఖపట్నం | మంగళవారం, ఉదయం 11:05

అయితే ఒకే దారిలో రెండు వేగాలు చూద్దాం. ఫ్రాన్స్‌లో లె సాబ్ల్ దొలోన్ అనే రేవుంది. అక్కడి నుంచే రెండు ప్రపంచ ప్రదక్షిణ పందేలు బయలుదేరుతాయి. రెండిట్లోనూ పడవలో ఒక్క మనిషే.

ఒకటి వాండే గ్లోబ్. ఆగకుండా, సాయం తీసుకోకుండా. 1989-90లో మొదటిసారి గెలిచినవాడికి 109 రోజులు పట్టింది. ఇప్పటి 60 అడుగుల పడవల్లో చాలావాటికి పక్కన ఫాయిల్స్ ఉన్నాయి. 2025 జనవరిలో షార్లీ దాలాన్ 64 రోజుల 19 గంటల్లో ముగించాడు.

రెండోది గోల్డెన్ గ్లోబ్. 1968 నాటి పద్ధతిలో, పాత తరహా పొడవాటి కీల్ ఉన్న 32 నుంచి 36 అడుగుల పడవల మీద. జీపీఎస్ లేదు. సెక్స్‌టాంట్‌తో సూర్యుణ్ణి చూసి కాగితం మ్యాపు మీద గీసుకోవాలి. 2022లో 16 మంది బయలుదేరితే అసలు విభాగంలో ముగించింది ముగ్గురే. మొదటి స్థానం దక్షిణాఫ్రికాకు చెందిన కిర్స్టెన్ నాయ్‌షేఫర్‌ది. మధ్యలో పడవ మునిగిపోయిన తోటి పోటీదారుణ్ణి రక్షించి మరీ గెలిచింది. రెండో స్థానం మన అభిలాష్ టామీది. 2018లో ఇదే రేసులో హిందూ మహాసముద్రంలో తుఫానుకు మాస్ట్, అంటే తెరచాప స్తంభం విరిగి, వెన్ను దెబ్బతిని, కదల్లేక రోజుల తరబడి పడవలోనే పడి ఉన్నాడు. ఆ మనిషి మళ్లీ వెళ్లి 230 రోజులకు పైగా ఒంటరిగా పోరాడి ఒడ్డుకొచ్చాడు.

ఆ 1968 పందెంలో 312 రోజుల్లో తిరిగొచ్చిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ 'సుహైలీ' బొంబాయిలో టేకు చెక్కతో కట్టింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఛాతీ పొంగుతుంది.

పందెం కాదు గానీ ఇంకో ప్రయాణం చెప్పకుండా ఉండలేను. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నేవీ మహిళా అధికారులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద బయలుదేరి, భూమి చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో పి. స్వాతి మా వైజాగ్ అమ్మాయి, బి. ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటిన తెలుగు ఆడపిల్లలు! అమ్మ_ఆప్టిమిస్ట్ గారూ, మీ పాపకు ఫాయిలింగ్ వీడియోలతో పాటు ఈ కథ కూడా చెప్పండి.

అమ్మ_ఆప్టిమిస్ట్ | హైదరాబాద్ | మంగళవారం, రాత్రి 9:20

చెప్పాను సార్. తారిణి ఎంత వేగంతో పోయిందని అడగలేదు. అన్ని రోజులు అన్నం ఎవరు వండారని అడిగింది.

ఫాయిల్65 | బెంగళూరు | బుధవారం, ఉదయం 9:00

ఆ 64 రోజులూ, 230 రోజులూ పక్కపక్కన చదివాక నిన్న చాలాసేపు ఆలోచించాను. వేగం ఉన్న పందేలే నాకు ఇంకా ఇష్టం. కానీ దాలాన్‌కు ఉన్న వేగం కిర్స్టెన్‌కు ఉంటే ఆమె కథ ఇంకోలా ఉండేది, ఇంత బాగుండేది కాదేమో. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

గాలివాటం | సికింద్రాబాద్ | బుధవారం, రాత్రి 8:45

ఏరో గారూ, పడవ ఎప్పుడూ ఎక్కలేదన్నారు. ఆదివారం పొద్దున ఆరున్నరకు రండి. లేజర్‌లో ఒక్కరికే చోటు. ఇద్దరు కూర్చునే ఎంటర్‌ప్రైజ్ అడిగి ఉంచుతాను. తడిసినా ఫరవాలేదనిపించే బట్టలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, టోపీ తెచ్చుకోండి. లైఫ్ జాకెట్ అక్కడే ఇస్తారు.

ఏరో_లెక్కలు | హైదరాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

వెళ్లొచ్చాను. చేతులు ఇంకా మండుతున్నాయి.

కాలేజీలో విండ్ టన్నెల్‌లో రెక్క మీద నూలు పోగులు అంటించి పిల్లలకు చూపిస్తాను. గాలి సాఫీగా పారితే పోగులు తిన్నగా వెనక్కి ఉంటాయి, పట్టు తప్పితే గిలగిల కొట్టుకుంటాయి. పద్దెనిమిదేళ్లుగా చెబుతున్న పాఠం. ఇవాళ తెరచాప మీద అవే పోగులు కనిపించాయి. గాలివాటం గారు నా చేతికి చుక్కాని కర్ర ఇచ్చి, "రెండు పోగులూ తిన్నగా ఉండేలా పట్టుకోండి, ఇంకేమీ చూడొద్దు" అన్నారు. కొంచెం అటు తిప్పితే లోపలి పోగు ఎగిరేది, ఇటు తిప్పితే బయటిది వాలిపోయేది. రెండూ తిన్నగా నిలిచిన క్షణంలో పడవ ఒక పక్కకు ఒరిగి ముందుకు కదిలింది. ఆ లాగుడు చేతిలోకీ, నడుములోకీ వచ్చింది. వేగం నాలుగు నాట్లు ఉండొచ్చు.

అంతలో ఒక ఆప్టిమిస్ట్ మాకు గాలి వచ్చే వైపుగా దాటింది. పోగులు రెండూ ఒకేసారి వాలిపోయాయి. అందులో ఉన్న పాప వెనక్కి తిరిగి మా తెరచాప వైపు చూసింది, మా వైపు కాదు. అమ్మగారూ, నీలం టోపీ మీ పాపదేనా?

అమ్మ_ఆప్టిమిస్ట్ | హైదరాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 1:25

అవును సార్, నీలం టోపీయే.